బోర్లా పడే మౌలా

మా బావ మౌలా గురించి ఊళ్ళో ఇప్పటికీ ఏదో ఒకటి వాగుతూనే ఉంటారు. డబ్బుకు కక్కుర్తిపడి పీరును పోగొట్టుకున్నాడని ఒకడంటాడు, మద్రాసు నీళ్ళు పడి ఒళ్ళు మరిచాడని ఇంకొకడంటాడు. వాళ్ళలో ఒక్కడైనా బాక్సింగ్ రింగు పక్కన నిలబడి చూశాడా? నేను చూశాను. ప్రతి పోటీకీ బక్కెట్టూ తుండుగుడ్డా పట్టుకుని మూల నిలబడింది నేను. నా పేరు బడేసాహెబ్. మౌలా పెళ్ళాం మదార్‌బీ నా తోడబుట్టిన అక్క. నాకు కోపం జాస్తి అంటారు. జాస్తే. ఈ సంగతి చెప్పేటప్పుడు ఇంకా జాస్తి.

మా ఊరు నెల్లూరు జిల్లాలో కోటకు తూర్పున, సముద్రం గాలికి అన్నంలో ఇసుక పడే చోట. మావి దూదేకుల ఇళ్ళు. పెద్ద రైతుల ఇళ్ళకు పోయి, వసారా చివర కూర్చుని, పాత పరుపులు విప్పి, విల్లుతో దూది ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చేవాళ్ళం. ఏడాది పొడుగునా మౌలాను 'ఒరే' అని పిలిచేవాళ్ళే పీర్ల పండుగ నాడు అతని కాళ్ళ మీద బిందెలతో నీళ్ళు పోసి దణ్ణం పెట్టేవాళ్ళు. ఎందుకంటే ఊళ్ళో పెద్దపీరు ఎత్తేది అతనే. అంతకుముందు అతని నాయన ఎత్తాడు, ఆయనకు ముందు తాత. మౌలాకు పొలం లేదు, పుట్ర లేదు. ఉన్నదల్లా ఆ ఒక్క రోజే.

పీరు ఎత్తేవాడికి మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. ఏ పోటీలోనూ, ఎవడి చేతిలోనూ అతని వీపు నేలకు ఆని ఉండకూడదు. ఓడిపోవచ్చు, మోకాళ్ళ మీద కూలబడొచ్చు, మూతి పగలొచ్చు, దానికేం పట్టింపు లేదు. వీపు ఆనిందా, పీరు వేరేవాడి చేతికి పోతుంది. పీరును లేపే రోజు సాయంత్రం పీర్లచావిడి ముందు హజరత్తయ్య ఊరందరి ఎదుటా అడిగేవాడు. ఆయన హిందూ రైతు. పిల్లలు దక్కక వాళ్ళమ్మ దర్గాకు మొక్కుకుంటే పుట్టినవాడు, అందుకే ఆ పేరు. చావిడి పెత్తనం ఆయనది.

"ఏం మౌలా, వీపు ఆనిందా?"

"ఆనలా పెద్దయ్యా."

అంతే. ఆ తర్వాత తప్పెట్లు మోగేవి.

అట్లాంటి మనిషి మీద పద్మనాభయ్య కన్ను పడింది. నెల్లూరు ఆయన. మొదట డేరా సినిమాలు ఆడించి, తర్వాత మద్రాసు చేరి బాక్సింగ్ పోటీలు పెట్టేవాడు. యాభై ఎనిమిదిలో కోట సంతలో మౌలా దూది బేలును బండిలోకి విసరడం చూసి అక్కడికక్కడే చెయ్యి పట్టుకున్నాడు. "మద్రాసులో సన్నపాటి బాక్సర్లు వీధికి పదిమంది ఉండారయ్యా. హెవీవెయిట్‌కు మనిషి లేడు. నువ్వు రా, నీ దశ తిరిగిపోద్ది" అన్నాడు. మదార్‌బీ వద్దనలేదు. పరుపులు కుట్టి కుట్టి అక్క వేళ్ళు చిల్లులు పడి ఉన్నాయి మరి.

మొదటి ఏడాది మౌలా ఓడిపోలేదు. విల్లుతాడు మీద పొద్దుగూకులూ కొయ్యతో కొట్టిన చెయ్యి అది. ఒక్క దెబ్బ తగిలితే అవతలివాడు లేచేవాడు కాదు. గెలిచాడు గదా, డబ్బులు రాలి ఉంటాయి అనుకుంటున్నారా? ఓయబ్బో! జనం తిట్టుకుంటూ లేచిపోయేవాళ్ళు. టిక్కెట్టు కొని కూర్చుని బీడీ ముట్టించే లోపల పోటీ అయిపోతే ఎవడికి నచ్చుతుంది? పైగా మా బావ గెలిచాక కిందపడినవాణ్ణి లేపి ఒళ్ళు దులిపేవాడు. మొహంలో ఒక పసితనం. నెలలు గడిచేకొద్దీ కుర్చీలు ఖాళీ అయ్యాయి. తిరుగు రైలు ఖర్చులకు కూడా పద్మనాభయ్య దగ్గర చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. "మౌలా, నువ్వు బాగా కొడతావు. ఎవరికి కావాలి? జనం ఇష్టపడేదానికి ఒకడుండాల, అసహ్యించుకునేదానికి ఒకడుండాల. నిన్ను చూస్తే రెండూ రావడంలా."

అసహ్యించుకోవడానికి మౌలాను తయారుచేశాడు. గుండు గీయించాడు, కనుబొమలు తీయించాడు, నల్ల గుడ్డతో అంగీ కుట్టించాడు. పేరు 'పులికాట్ రాక్షసుడు'. పూటకొక మేకను తింటాడని కరపత్రాల్లో అచ్చేశాడు. మేక! మా బావ రోజూ పొద్దున సద్దన్నంలో పచ్చిమిరపకాయ నంజుకుని తినే మనిషి. రింగులోకి ఎక్కగానే గర్జించాలన్నారు. పాపం, ఎంత ప్రయత్నించినా గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు వచ్చేది. జనానికి అదే చాలింది. ఈలలు, తిట్లు, అరటితొక్కలు. టిక్కెట్లు తెగాయి.

జనం ఇష్టపడేదానికి జ్ఞానప్రకాశాన్ని తెచ్చాడు. హార్బరులో పనిచేసే పిల్లవాడు, తెల్లటి పలువరుస, నూనె రాసి దువ్విన క్రాపు. మంచివాడే, వాడి మీద నాకేం కోపం లేదు. మౌలా నిజంగా కొడితే నాలుగు రోజులు మంచం దిగడు. కానీ అందగాడు గెలవాలి, రాక్షసుడు పడాలి. పడితే గెలిచినప్పుడు ఇచ్చినదానికి రెండింతలు ఇస్తానన్నాడు పద్మనాభయ్య.

మౌలా డబ్బు దగ్గర బేరమాడలేదు. "పడతాలే అయ్యా. కానీ బోర్లా పడతా. ఎల్లకిల మాత్రం పడను."

"నువ్వు ఎట్టన్నా పడు నాయనా, లేవకుండా ఉంటే చాలు" అని నవ్వాడాయన.

ఎందుకో నాకు తెలుసు, ఆయనకు తెలియదు. ఇప్పుడు మీరే ఆలోచించండి. ఎదుటివాడు గడ్డం మీద కొడితే మనిషి ఎటు పడతాడు? వెనక్కి. మౌలా ఏం చేసేవాడంటే, దెబ్బ తగలగానే గాలిలోనే ఒళ్ళు తిప్పి ముందుకు కూలేవాడు. అంత బరువూ మొహం మీద పడేది. చేతులు అడ్డం పెడితే నాటకమని తెలిసిపోతుందని అవి కూడా పక్కకు వదిలేసేవాడు. రింగులో పరిచిన పలక మీద పడ్డ చప్పుడు నా కడుపులో వినపడేది. ముందు పళ్ళు పోయాయి. ముక్కు పక్కకు తిరిగింది. ఎడమ చెంప ఎముక లోపలికి పోయి ఆ కన్ను మసకబారింది. నేను బక్కెట్లో గుడ్డ ముంచి నెత్తురు తుడుస్తూ, "బావా, ఒక్కసారి వెనక్కి పడితే ఏం పోయింది, ఇక్కడ మన ఊరోడు ఎవడుండాడు?" అని ఏడ్చేవాణ్ణి.

"నేనుండా గదరా" అనేవాడు.

పండుగకు ముందు ప్రతి ఏడూ ఇంటికి వచ్చేవాడు. చావిడి ముందు చొట్టపోయిన మొహంతో నిలబడి, "ఆనలా పెద్దయ్యా" అనేవాడు. పీరు ఎత్తేవాడు. ఆ ఒక్క రోజు చూడాలి మా బావను! తెచ్చిన డబ్బుతో అక్క ఇంటికి పెంకు వేయించింది కానీ, అతని మొహం వంక చూసి అన్నం పెట్టలేక పక్కకు తిరిగి వడ్డించేది.

ఇంకో దరిద్రం చెబుతాను వినండి. మొహం పాడయ్యేకొద్దీ పద్మనాభయ్య సంబరపడ్డాడు. "ఇప్పుడు కుదిరింది మొకం! ఏ మేకప్పూ అక్కర్లా" అని రేటు కొంచెం పెంచాడు కూడా. థూ, అదేం మనిషి జన్మో.

అరవైమూడు నాటికి జనానికి అనుమానం పుట్టింది. ముందునుంచి కొడితే ముందుకే పడతాడేందిరా అని మద్రాసు రిక్షావాళ్ళు కూడా ఎగతాళి మొదలుపెట్టారు. 'బోర్లా మౌలా' అని పేరు పెట్టారు. టిక్కెట్లు తగ్గాయి. ఎల్లకిల పడమని పద్మనాభయ్య బతిమిలాడాడు, బెదిరించాడు. మౌలా ససేమిరా అన్నాడు.

"సరేలే, నువ్వు పడకపోతే మా బొమ్మలాయనే పడేస్తాడు" అన్నాడాయన. ఆ మాటకు అర్థం అప్పుడు మాకు ఎక్కలేదు.

ఆ ఏడు పీర్ల పండుగ రోహిణి ఎండల్లో వచ్చింది. పండుగ దాటాక నెల్లూరులో పోటీ పెట్టాడు పద్మనాభయ్య. నేనూ మౌలా గూడూరులో రైలు దిగి, బస్సులో కోట చేరేసరికి బస్టాండు గోడ మీద ఆ పోటీ పోస్టరు. రంగుల్లో, నిలువెత్తున. జ్ఞానప్రకాశం చేతులెత్తి నవ్వుతున్నాడు. వాడి కాలు మౌలా రొమ్ము మీద ఉంది. మౌలా ఎల్లకిల పడి ఉన్నాడు, రెండు చేతులూ బారజాపి, వీపు మొత్తం నేలకు ఆని.

మౌలా మంచి కంటితో దగ్గరికి పోయి చూశాడు. బొమ్మలాయన పడేస్తాడంటే ఏందో అప్పుడు ఎక్కింది మాకు. నేను గోళ్ళతో గీకి గీకి చింపాను. ఒకటి చింపితే ఏం లాభం, కోట నుంచి మా ఊరి దాకా ప్రతి టీ కొట్టుకూ అంటించి ఉన్నారు.

సాయంత్రం చావిడి ముందు ఊరంతా చేరింది. మదార్‌బీ ఆడవాళ్ళలో నీళ్ళ బిందె పట్టుకుని నిలబడింది. మౌలా స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. హజరత్తయ్య చంకలో కాగితం చుట్ట ఒకటి ఉంది.

"ఏం మౌలా, వీపు ఆనిందా?"

"ఆనలా పెద్దయ్యా."

ఆయన పోస్టరు విప్పి చావిడి మెట్టు మీద పరిచాడు. "మరి ఇదేంది నాయనా?"

"అది బొమ్మ గదా పెద్దయ్యా. ఏసినోడు నన్ను చూడను కూడా లేదు."

"చూడకుండా ఊరూరా అంటిస్తారా?" అని గుంపులోంచి ఎవడో అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "రేయ్, నేను చూసినాన్రా! ప్రతిసారీ బోర్లానే పడినాడు!" అని అరిచాను. "నువ్వు వాడి బావమరిదివి, నోర్మూసుకో" అన్నారు.

మౌలా ముందుకు వచ్చి తన చెంప చూపించాడు. "నా మొకం చూడండి. వీపు ఆని ఉంటే మొకం ఇట్టా ఎందుకవుద్ది?"

హజరత్తయ్య ఆ మొహం చూడలేక కళ్ళు దించుకున్నాడు. చెడ్డవాడు కాదాయన. అయినా అడగాల్సింది అడిగాడు. "మౌలా, దెబ్బ తగిలి స్పృహ తప్పినోడికి తను ఎట్టా పడినాడో ఎట్టా తెలస్తది?"

ఆ ప్రశ్నకు ఒకటే జవాబు ఉంది. చెప్పొద్దు బావా అని నేను చెయ్యి పట్టుకుని లాగాను. విదిలించుకున్నాడు.

"స్పృహ తప్పలా పెద్దయ్యా. ఏ ఒక్కసారీ తప్పలా. వాడు నన్ను పడెయ్యలేడు. నేనే పడినా. డబ్బిస్తే పడినా. వీపు ఆనకుండా చూసుకుని పడినా."

ఒక్కసారిగా గోల లేచింది. పడనివాడు పడినట్టు నటించి డబ్బు తీసుకున్నాడంట! అన్నేళ్ళూ అబద్ధమాడి బతికినోడు ఈ ఒక్కటీ నిజం చెబుతున్నాడని నమ్మకమేంది? ఇదీ వాళ్ళ మాట. నిజం చెప్పి మునిగాడు మా బావ. హజరత్తయ్య చావిడి లోపలున్న పీరు వంక చూసి, "నాకు నమ్మాలనే ఉండాది నాయనా. నేనొక్కణ్ణి నమ్మితే చాలదు" అన్నాడు. పెద్దపీరును మౌలా పినతండ్రి కొడుకు చేతికి ఇచ్చారు. ఆ పిల్లవాడు ఏడుస్తూనే ఎత్తాడు.

తప్పెట్లు మోగాయి. ఆడవాళ్ళందరూ బిందెలతో ఆ పిల్లవాడి కాళ్ళ దగ్గరికి పోయారు. మదార్‌బీ పోలేదు. గుంపుకు అడ్డం పడి నడిచి, తన బిందె తెచ్చి మౌలా కాళ్ళ మీద పోసింది. ఊరంతా చూస్తుండగా పోసింది. మౌలా కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. "వద్దే, తప్పు" అని ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

వారం తిరక్కముందే నన్ను వెంటబెట్టుకుని నెల్లూరు పోయాడు. పద్మనాభయ్య వక్కపొడి నములుతూ లెక్కలు చూసుకుంటున్నాడు. మౌలా గుమ్మంలోనే నిలబడి, "అయ్యా, ఇంక నువ్వు ఎట్టా పడమంటే అట్టా పడతా" అన్నాడు. ఆయన నోరు తెరిచాడు. ఎందుకని అడగలేదు. రేటు మాత్రం అడక్కుండానే పెంచాడు. పోస్టర్లో ఉన్నది ఉన్నట్టు కళ్ళారా చూడండి అని బండి మీద మైకు పెట్టి ఊరంతా తిప్పించాడు.

నెల్లూరులో ఆ రోజు కూర్చోవడానికి చోటు లేక జనం చెట్లెక్కారు. మా ఊరివాళ్ళు కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. రెండో రౌండులో జ్ఞానప్రకాశం ఎప్పటిలాగే మెల్లగా కొట్టాడు. మౌలా ఒళ్ళు తిప్పలేదు. చెట్టు కూలినట్టు వెనక్కి పడ్డాడు. పలక అదిరింది. జనం గొంతులు చించుకుని అరిచారు. రెఫరీ అంకెలు లెక్కపెట్టడం అయిపోయింది, జ్ఞానప్రకాశం చెయ్యి ఎత్తడం కూడా అయిపోయింది. మౌలా లేవలేదు.

బక్కెట్టు అక్కడే పారేసి తాళ్ళ కింద నుంచి దూరి అతని పక్కన మోకాళ్ళ మీద పడ్డాను. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. మొహం మీద ఒక్క గాటు లేదు, ఒక్క నెత్తురు చుక్క లేదు. అన్నేళ్ళలో అదే మొదటిసారి.

"బావా, లెయ్యి బావా! దెబ్బ తగిలిందా?"

"లేదురా బడే" అన్నాడు. "కొంచేపు ఇట్టా పండుకోనీ నన్ను. ఇట్టా పడితే అసలు నొప్పే ఉండదు రా."