బాపు వేసిన తాళం

ఈ ఉదయం వర్ని దారిలో బురద కనబడగానే మా బాపు బండి ఆపి, దిగి, ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. చక్రం నడుమ ఉన్న బిళ్లను ‘ఫ్రీ’ నుంచి ‘లాక్’కు తిప్పి, లేచి రెండో వైపు వెళ్లాడు. నాకు పోయిన చెరుకు కోతలు గుర్తొచ్చి, ఫోనులో ఏదో అత్యవసరమైనది వెతుక్కున్నాను.

మాది సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ ట్రక్కు. నల్లరేగడి తడిసి ట్రాక్టర్లు దిగబడితే చెరుకును రోడ్డెక్కించేది బాపే అని బోధన్ చుట్టుపక్కల పేరు. ఆ పేరు తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదని మా అవ్వ అంటుంది. అలాంటిది పోయిన కోతల్లో మా బండే దిగబడింది. నాలుగు చక్రాల గేరు వేసినా ముందు చక్రాలు లాగలేదు. చివరికి ఎడ్లు వచ్చి లాగాయి. ఎడ్లు మర్యాదగానే ప్రవర్తించాయి, జనమే నవ్వారు. బిళ్లలు అరిగి చేతికి తిరగడం లేదు కనుక తప్పంతా వాటిదేనని తేల్చి, పోయిన పేరు తిరిగి తెచ్చుకోవడానికి బాపు నిజామాబాద్ బయల్దేరాడు. బండి గురించి నాకు తెలిసింది పాటలు పెట్టడం వరకే అయినా, వెంట వెళ్లాను.

దుకాణం సేటు రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకదాని మీద అక్షరాలున్నాయి, ఇంకోదాని మీద ఉత్త గీతలు. తర్వాత మా పాత బిళ్లను తిప్పి చూసి, “పానాతోని తిప్పినవా పటేలా? రోజు తిప్పినట్టున్నవ్ గద” అన్నాడు.

“తిప్పక? బజార్ల బండి పెడితె తాళమెయ్యొద్దా?” అన్నాడు బాపు. “ఫ్రీ మీద ఇడిసిపెడితె ఎవడన్న ఫుకట్ల కొండవోతడు. నడిపేటప్పుడు మల్ల తీస్త.”

సేటు బిళ్లను బల్ల మీద పెట్టాడు. “గది దొంగల తాళం కాదు పటేలా. బురదల దిగేముందు లాక్ జెయ్యాలె, గప్పుడే ముందు చక్రాలకు జోరు అందుతది. రోడ్డు మీద ఫ్రీ.”

అంటే ఇన్నాళ్లూ బజారులో బండిని బురదకు సిద్ధం చేసి, బురదలో దాని చేతులు కట్టేశాడన్నమాట. దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. బురదలో దొంగల భయం లేదు కదా అని అందామని నేనూ నోరు తెరిచాను.

“సదువుకున్న పోరడు ఇంట్లనే ఉన్నడు గద, అడగకపోయినవా?” అన్నాడు సేటు.

బాపు గీతలున్న వాటిని పక్కకు జరిపి, అక్షరాలున్న వాటిని దగ్గరకు తీసుకున్నాడు. “అడుగుదామనుకున్న సేటు. అడిగితె నవ్వుతడు.” ఫిర్యాదులా అనలేదు, వానపడితే బురదైతది అన్నట్టు అన్నాడు.

నా నోరు తెరిచే ఉంది. అనబోయిన మాట మింగి, కొత్త బిళ్లలు చేతిలోకి తీసుకున్నాను. నా వాలకం చూసి, నాకు కడుపులో బాగాలేదేమోనని బాపు దారిలో సోడా తాగించాడు. సిగ్గుకు సోడా పనిచేయదని ఆయనకు చెప్పలేకపోయాను.

అప్పటినుంచి ఏదైనా అడుగుతాడేమోనని మొహం బుద్ధిగా పెట్టుకుని ఆయన చుట్టూ తిరుగుతున్నాను. ఇంకా అడగలేదు. నవ్వి నవ్వి ఆయన చేత అడగడం మాన్పించడానికి నా చిన్నతనమంతా పట్టింది. మళ్లీ అడిగించడానికి పెద్దతనం ఎంత ఖర్చవుతుందో తెలియదు.