మైలేజీ పరీక్షలో పెళ్లికొడుకు

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. నేను ఒకే ఒక్క అబద్ధమాడి, కుదరబోయే నా పెళ్లిని జూపార్కు గోడ పక్కన నడిరోడ్డు మీద చెడగొట్టుకోబోయాను. అది జీతం గురించో, తాగుడు గురించో, పాత ప్రేమల గురించో ఆడింది కాదు. లీటరు డీజిలుకు నా కారు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందన్న దాని గురించి. అప్పుడే నవ్వకండి. నవ్వాల్సిన చోటు ముందుంది, నేనే చూపిస్తాను.

అప్పట్లో మేం పాతబస్తీ మొఘల్‌పురాలో ఉండేవాళ్లం. కరెంటాఫీసులో ఉద్యోగం వచ్చిన మైకంలో ఒక పాత డీజిల్ కారు కొన్నాను. చిన్నదే, కానీ వెనక డిక్కీ ఉంది కాబట్టి పెద్దకారు కిందే లెక్క అని నా వాదన. అద్దాలు మడిస్తే తప్ప మా సందులో దూరేది కాదు. తాళం తిప్పగానే స్టార్టయ్యే రకమూ కాదు. ముందు స్ప్రింగు బొమ్మ ఉన్న పసుప్పచ్చ దీపం వెలుగుతుంది. లోపల హీటర్లు వేడెక్కి ఆ దీపం ఆరేదాకా ఆగాలి. చలికాలం పొద్దున్నే దాని ముందు కదలకుండా కూర్చుంటే, "దేవునికి మొక్కుతున్నవా బిడ్డా?" అని అడిగేది మా అమ్మ. స్టార్టయ్యాక ఇక సందంతా లేవాల్సిందే, పిండిగిర్ని ఇంటిముందుకొచ్చినట్టు ఉండేది చప్పుడు. యాక్సిలరేటర్ తొక్కితే కాసేపు ఆలోచించుకునేది. తర్వాత టర్బోకు మెలకువొచ్చి ఒక్కసారిగా దూకేది. ఈలోపు ముందున్న ఖాళీలోకి రెండు ఆటోలు, ఒక మేక దూరేవి.

ఇన్ని అవలక్షణాలున్నా తిండి విషయంలో మాత్రం మహా పొదుపు. ఊళ్లో తిప్పితే లీటరుకు పందొమ్మిది, చాలా బుద్ధిగా నడిపితే ఇరవై. ఈ ఇరవై అంకె గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు కాబట్టే ఇదంతా.

బహదూర్‌పురాలో స్వరూప అని ఒకమ్మాయి. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. మా అమ్మ షుగరు పరీక్షకని వెళ్లి, మా అమ్మ కంటే నేనే ఎక్కువసార్లు వెళ్లడం మొదలుపెట్టాను. తను లేకపోతే నాకు బతుకే లేదనిపించేది, అబద్ధం కాదు. తనకూ ఇష్టమే. ఇంట్లో చెప్పింది. వాళ్ల నాన్న రాజలింగం గారు వచ్చి కలవమన్నారు. వెళ్లే ముందు స్వరూప ఒక్క జాగ్రత్త చెప్పింది.

"మా బాపుతోని ఏమన్న మాట్లాడు గని, మైలేజీ ముచ్చట మాత్రం తియ్యకు."

"గదేంది?"

"గదంతే. చెప్తే ఇను."

విన్నాను. కానీ మైలేజీ ముచ్చట తీసింది ఆయనే. రాజలింగం గారు సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. డిపోలో ఎవరి బండి లీటరుకు ఎంతిచ్చిందో బోర్డు మీద రాస్తారట. ఆ బోర్డులో పైనున్న పేరు ఏళ్ల తరబడి ఆయనదేనట. శాలువాలు కప్పిన ఫోటోలు గోడ మీద దేవుడి పటాల కంటే ఎక్కువున్నాయి. నా ఊరూ పేరూ ఏదీ అడగలేదు. కిటికీలోంచి కారు వైపు చూసి, "ఎంతిస్తది?" అన్నారు.

శాలువాల మధ్య కూర్చున్న మనిషికి పందొమ్మిది అని ఎలా చెప్పను?

"ఇరవై అయిదు సార్."

వెనక తలుపు దగ్గర స్వరూప నుదురు కొట్టుకోవడం కనిపించింది.

"ఇరవై అయిదు," అన్నారాయన నెమ్మదిగా. "ఏసీ బంజేసా?"

"ఏసీ ఏసుకునే సార్."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నేను అతికించాక కూడా ఇంకో పొర వేశాను.

"మంచిది. ఐతారం చూద్దాం. నా మాట ఒక్కటే బిడ్డా. మైలేజీల అబద్ధమాడేటోడు సంసారంల నిజం చెప్పడు. ఇరవై అయిదు ఇచ్చిందా, పిల్లనిస్త. ఇయ్యలేదా, నీ తొవ్వ నీది, మా తొవ్వ మాది."

నేను పరిగెత్తుకుంటూ వెళ్లింది సాజిద్ దగ్గరికి. చిన్నప్పటి దోస్తు, మా సందు మొగదల మోటారుసైకిళ్లు బాగుచేస్తాడు. అంతా విని, చేతులు తుడుచుకుని, హాయిగా నవ్వాడు.

"గింత దానికి పరేషాన్ ఎందుకు యాదన్నా? సీసా కడ్తం."

సీసా అంటే చెబుతాను. బండి మైలేజీ తేల్చాలంటే ట్యాంకు పైపు పీకేసి, కొలిచిన పెట్రోలు పోసిన సీసా తగిలిస్తారు. సీసా అయిపోయేలోపు ఎంత దూరం నడిస్తే అంత మైలేజీ. పాతబస్తీలో మోటారుసైకిళ్లన్నిటికీ ఇదే న్యాయస్థానం.

"కానీ ఇరవై అయిదు రాదు గద సాజిద్?"

"కూల్‌డ్రింక్ సీసా పెద్దది తెస్త. లీటరుంపావు పడ్తది. లీటరే అని చెప్దం. నీ ఇరవైకి ఆ పావు కలిస్తే ఇరవై అయిదు. హిసాబ్ బరాబర్."

వాడి తెలివికి నాకు కళ్లు చెమర్చాయి. నిజంగానే కౌగిలించుకున్నాను.

ఆదివారం పొద్దున దారిలో బంకు దగ్గర ఆగి ట్యాంకు మూతిదాకా నింపించాను. కాబోయే మామగారి కంటికి డీజిల్ ముల్లు నిండుగా కనపడాలి కదా. ఆ ముల్లు అలా నిలబడితే నాకే నా మీద గౌరవం పెరిగింది.

రాజలింగం గారు ఇస్త్రీ తెల్లచొక్కాలో ముందు సీట్లో కూర్చున్నారు. బార్కస్‌లో జామపండ్లు కొనుక్కుంటానన్న సాకుతో స్వరూప వెనక ఎక్కింది. బార్కస్ వెళ్లి రావాలి, ఇంకా డీజిల్ మిగిలితే మిగిలినంత దూరం తిరగాలి, ఇదీ ఒప్పందం. సాజిద్ డీజిల్ నింపిన సీసాని మామగారి వైపు సైడద్దానికి తాడుతో కట్టి, దాని పైపు బానెట్ సందులోంచి లోపలికి దూర్చాడు.

"దేఖో చాచా, సీసాల ఎంత దిగితే గంతే తాగినట్టు. దూద్ కా దూద్, పానీ కా పానీ. పాలేవో నీళ్లేవో తేలిపోతయ్."

ఆయన సీసాని కింది నుంచి మీదిదాకా ఒకసారి చూశారు.

పసుపు దీపం ఆరింది, పిండిగిర్ని మొదలైంది, బయల్దేరాం. సాజిద్ స్కూటరు మీద వెనకే వస్తున్నాడు. అద్దానికి గ్లూకోజు సీసాలా వేలాడే దాన్ని చూసి ఒక ఆటో అతను పక్కకొచ్చాడు.

"క్యా భాయ్, గాడీకీ తబియత్ ఖరాబ్ హై క్యా?"

"మా బండికి పానం మంచిగనే ఉంది, నీ పని నువ్వు చూసుకో భాయ్," అన్నాను పెళ్లికొడుకు హోదాలో.

"ఏసీ ఎయ్యి," అన్నారు మామగారు. వేశాను. జూపార్కు గోడ మొదలైంది.

"యాదగిరి, సీసా చూస్తున్నవా?"

"రోడ్డు చూస్తున్న సార్."

"రోడ్డు యాడికి పోదు గని, సీసా జూడు."

చూశాను. సగం లేదు. ఎండకు అలా కనిపిస్తోందేమో అనుకుని కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. ఈలోపు ఇంకాస్త లేదు. కారు తాగుతున్నట్టు లేదు, ఎవరో కింద గిన్నె పెట్టి వంచుకుంటున్నట్టుంది. అద్దంలో సాజిద్ చెయ్యి ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. ధైర్యం చెబుతున్నాడు కాబోలని నేనూ చెయ్యి ఊపాను.

"మొదట్ల జర ఎక్కువ తాగుతది సార్," అన్నాను. "ఇంజిన్ వేడైనంక తక్కువ చేస్తది."

"మొదట్లనే అయిపోతున్నది బిడ్డా."

గుటక్, గుటక్ అని రెండు చప్పుళ్లు. సీసా ఖాళీ. కారు దగ్గింది, ఊగింది, ఆగింది. ఇంకా జూపార్కు గోడే నడుస్తోంది. లోపల ఏ జంతువో గట్టిగా అరిచింది.

రాజలింగం గారు మీటరు చూశారు. అంకె పైకి చెప్పలేదు గానీ నాకూ కనిపించింది. కిలోమీటరున్నర.

"రెండు దిక్కుల జనం ఏలాడంగ, నా బస్సు లీటరుకు అయిదిచ్చేది," అన్నారు. గొంతులో కోపం లేదు, బాధే ఉంది. "దిగు బిడ్డా స్వరూపా. ఆటోల పోదం."

"సార్, ట్యాంకు పైపు పెట్టి మల్ల చూపిస్త," అని దిగి, పైపు మార్చి, తాళం తిప్పాను. తిప్పాను. ఇంకా తిప్పాను. పైపులో గాలి జొరబడితే డీజిల్ కారు స్టార్టవదని నాకప్పుడు తెలియదు. స్వరూప కిందికి దిగి నా వంక చూసింది. తిట్టినా బాగుండేది. పోయింది, నా పెళ్లి పోయింది అనుకున్నాను.

ఆటో కోసం కారు వెనక్కి నడిచిన రాజలింగం గారి చెప్పు సర్రుమని జారింది. డిక్కీ పట్టుకుని నిలదొక్కుకున్నారు. కింద చూస్తే డీజిల్. పైన చూస్తే ట్యాంకు మూత చుట్టూ బొట్లు బొట్లుగా కారుతోంది. అప్పుడే సాజిద్, డీజిల్ మీద జారుతుందని స్కూటరును తోసుకుంటూ, రొప్పుతూ వచ్చాడు.

"గదే చెప్తున్న కదా యాదన్నా, ఎన్కలకెల్లి తేల్ గిర్ రహా, డీజిల్ కారుతున్నదని! నువ్వేమో చెయ్యి ఊపుతవ్."

రాజలింగం గారు తెల్లచొక్కా చేతులు మడిచి బానెట్ ఎత్తించారు. ఒక పైపు పట్టుకున్నారు, దాని వెంట ఇంకో పైపు. తర్వాత ఫుట్‌పాత్ మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు ఆగాక గానీ మాకు సంగతి చెప్పలేదు.

డీజిల్ ఇంజిన్‌కు రెండు పైపులుంటాయి. ఒకదాంట్లోంచి పంపు బండెడు డీజిల్ లాగుతుంది, కావలసిన చుక్క వాడుకుంటుంది, మిగిలిందంతా రెండో పైపులోంచి బుద్ధిగా ట్యాంకుకి తిప్పి పంపుతుంది. మోటారుసైకిలుకు ఆ రెండోది ఉండదు కాబట్టి మా సాజిద్ లోకంలో అది లేదు. వాడు మొదటిది సీసాకి తగిలించి, రెండోది ట్యాంకుకే వదిలేశాడు. సీసాలో డీజిల్‌ని కారు తాగనే లేదు. మూతిదాకా నిండిన ట్యాంకులోకి మోసింది, పట్టక రోడ్డు మీద పోసింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అంటే సార్, మైలేజీ మంచిగనే ఉన్నట్టు గద?"

"బండి మంచిదే," అన్నారాయన కళ్లు తుడుచుకుంటూ. లేచి, సైడద్దానికున్న ఖాళీ సీసా విప్పారు. అటూ ఇటూ తిప్పారు. "గని ఇది లీటరుంపావు సీసా. కట్టేటప్పుడే చూసిన."

సాజిద్ తన స్కూటరు వైపు రెండడుగులు వేశాడు. నేను వేయడానికి స్కూటరు కూడా లేదు. నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు వెనక నుంచి స్వరూప గొంతు వినిపించింది. "బాపు, ఒక మాట చెప్పాల్నా?"

"చెప్పు."

"లీటరని చెప్పి లీటరుంపావు పోసిండు. పోసి కూడ కిలోమీటరున్నర నడిపిండు. మోసం చేద్దామని కూసున్ననాడే గిట్లయితే, ఈ మనిషి మనల్ని జన్మల మోసం చెయ్యగలుగుతడా?"

రాజలింగం గారు నన్ను చూశారు, సీసాని చూశారు, మళ్లీ నన్ను చూశారు. బస్సు స్టాపులో ఎక్కించుకోవాలా వద్దా అని ప్రయాణికుణ్ని చూసినట్టు చూశారు.

"చేతగాదు," అని ఒప్పుకున్నారు. "ముహూర్తం పెట్టిద్దాం."

కాబట్టి పాఠకులారా, జూపార్కులోని సకల జంతువుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకే బండికీ సీసా కట్టను, ఏ అంకెకూ పావు కలపను. ప్రమాణం తప్పే వీలు కూడా లేదు. ఆ సీసా ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. చుట్టాలొచ్చి నేను కాస్త గొప్పలకు దిగితే చాలు, స్వరూప ఏమీ అనదు. దాంట్లో నీళ్లు పోసి తెచ్చి నా ముందు పెడుతుంది. చెప్పబోయిన అంకె దానంతటదే ఇరవైకి దిగుతుంది.