సరళరేఖగారు కంప్యూటర్‌ను కింది అంతస్తుకు సాగనంపిన వైనం

శబ్ద గ్రంథాలయంలో కరెంటు పనులు, తీగల పనులు చూసే ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరుపట్టీలో మాత్రమే మిగిలింది. తక్కిన లోకానికి ఆయన సరళరేఖగారు. గోడ మీద ఆయన బిగించిన తీగ పక్కన స్కేలు పెట్టి చూస్తే, స్కేలే వంకరేమోనన్న అనుమానం వచ్చేది. ఇంట్లో చెప్పులు, తువ్వాళ్ళు, చెంచాలు అన్నీ జతలుజతలుగా ఒకే దిక్కుకు చూస్తూ ఉండేవి. పెళ్ళయిన కొత్తలో ఆయన భార్య పరీక్షకోసం ఒక చెంచాను తిరగేసి పెట్టారు. ఆయన అన్నం మధ్యలో లేచి వెళ్ళి దాన్ని సరిచేసి వచ్చి, ఏమీ జరగనట్టు పప్పు కలుపుకున్నారు. ఆనాటినుంచి ఆవిడకు వినోదానికి లోటు రాలేదు.

ఆవిడ కూడా ఆ గ్రంథాలయంలోనే పనిచేసేవారు. కంటిచూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేయడం ఆవిడ పని. తనకన్నా పెద్దవాళ్ళతో సహా ఆఫీసంతా ఆవిడను వదినగారు అనేది.

ఒంటరిగా పడవలో సముద్రాలన్నీ చుట్టివచ్చిన ఒక స్త్రీ ఆత్మకథ చదవాలని వదినగారు మూడేళ్ళుగా అడుగుతున్నారు. నాలుగువందల పన్నెండు పేజీలు. ఎట్టకేలకు అది ఆవిడ చేతికి వచ్చింది. మొదటి పేజీ చదివి రెండుసార్లు నమూనా పంపారు. రెండుసార్లూ తిరిగొచ్చింది. మాటల వెనక సన్నగా గుయ్యిమని మోత ఉందట.

అలా తిప్పిపంపినవాడు చెవులాయన. రికార్డింగులను విని మంచిచెడ్డలు తేల్చే అధికారి. పక్కగదిలో ఎవరైనా ఆవలిస్తే, నోటికి ఏ చెయ్యి అడ్డం పెట్టుకున్నారో కూడా చెప్పగలడని ప్రతీతి. మూడో నమూనా శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోగా రావాలి, అందులోనూ మోత ఉంటే పుస్తకం వేరే శాఖలో ఇంకొకరికి వెళ్ళిపోతుంది అని ఆయన కబురు పంపాడు.

మోత ఎవరిదో అందరికీ తెలుసు. వదినగారి బల్లకింద కాపురమున్న కంప్యూటర్ ఫ్యానుది. మొదట కంప్యూటర్‌కు దుప్పటి కప్పారు. ముప్పావుగంటలో అది ఒళ్ళు కాలి స్పృహ తప్పింది. తరవాత దాన్ని వరండాలోకి తరిమి, పొడుగాటి తీగలతో కలిపారు. అంత దూరం నడవలేక కీబోర్డు అక్షరాలు దారిలోనే నీరసించాయి. అప్పుడు సరళరేఖగారు భోజనాల దగ్గర ఒక ప్రకటన చేశారు.

"దాన్ని కింది అంతస్తు స్టోరుగదికి పంపించేస్తాను."

"మరి నా కీబోర్డు, మౌసు, తెర?"

"నీ దగ్గరే ఉంటాయి. మధ్యలో గాజుతీగ వేస్తాను. మాటలన్నీ వెలుతురు మీద వెళ్తాయి."

"నా పెడలో?"

చదివేటప్పుడు తప్పు పడితే వాక్యం మొదటికి వెళ్ళడానికి ఆవిడ కాలితో నొక్కే మీట అది. అది లేకపోతే ఆవిడకు కాలు విరిగినట్టే.

"నీ పెడలూ వస్తుంది, నీ కాలూ వస్తుంది. ముందు మజ్జిగ పొయ్యి."

ఎక్స్‌టెండర్ అని రెండు పెట్టెలు వచ్చాయి. ఒకటి కింద కంప్యూటర్ పక్కన, ఒకటి పైన వదినగారి బల్లమీద. తెర, కీబోర్డు, మౌసు, పెడలు పైపెట్టెకు తగిలిస్తే చాలు. రెండు పెట్టెల మధ్యా తొంభై మీటర్ల గాజుతీగ. అందులో జంటగా రెండు పోగులు, ఒక్కొక్కటి వెంట్రుకంత.

తీగ లాగడానికి మూడు రోజులు పట్టింది. గాజుతీగను మూలల్లో నిక్కచ్చిగా మడిస్తే లోపల వెలుతురు చచ్చిపోతుందని, గుండ్రంగానే తిప్పాలని పెట్టెలతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. సరళరేఖగారికి అది శరాఘాతం. మర్నాడు ఇంట్లోంచి సత్తుగిన్నె తెచ్చి, దాని అంచు ఆనించి అన్ని మూలల్లోనూ ఒకే వంపు గీసుకున్నారు. శుక్రవారం ఉదయానికి పోగుల చివరలు పెట్టెల్లో పెట్టి, కింద స్టోరుగదినుంచి పైన ఉన్న భార్యకు ఫోను చేశారు.

"ఏం కనిపిస్తోంది?"

"నలుపు."

"పూర్తి నలుపా, కాస్త నలుపా?"

"కాటుకలా ఉంది. చాలా?"

"రబ్బరు మూతలు తీశావా?"

"తీసింది మీరే. తీసి కిటికీలో వరస కూడా పెట్టారు."

సరళరేఖగారు ముప్పైయెనిమిది మెట్లెక్కి వచ్చారు. తెర తీగ మార్చారు. దిగారు. పోగుల కొనలు తుడిచారు. మళ్ళీ ఎక్కారు. పదకొండయ్యేసరికి ఆయన చొక్కా ఒంటికి అంటుకుపోయింది. పెట్టెమీద లింకు అని రాసి ఉన్న దీపం మాత్రం వెలగలేదు. ఇక పుస్తకం పోయినట్టేననుకుని వదినగారు ఉసూరుమంటూ ఒక పోగు ఊడదీసి కంటిదగ్గర పెట్టుకోబోయారు.

"చూడకు!" అని సరళరేఖగారు కేక పెట్టారు. "ఆ వెలుతురు కంటికి ఆనదు గాని కన్ను పాడుచేస్తుంది!"

ఇరవైరెండేళ్ళ కాపురంలో ఆయన గొంతు పెంచడం అదే మొదలు. ఆవిడ ముచ్చటపడి పోగును కిందపెట్టి, పెట్టె వెనక్కి తొంగిచూశారు.

"ఏవండీ, ఇక్కడ రెండు రంధ్రాలున్నాయి. ఏది ఏం చేస్తుంది?"

"ఎడమది మాట్లాడుతుంది, కుడిది వింటుంది."

"కింద పెట్టెకి?"

"అచ్చం ఇలాగే."

"ఎర్రచుట్ట వేసిన పోగు ఇక్కడ ఎడమలోంచి తీశాను. కింద ఎందులో పెట్టారు?"

"ఎడమలోనే," అన్నారు సరళరేఖగారు కాస్త గర్వంగా. "పసుపుది రెండుచోట్లా కుడి. రెండు చివరలూ ఒకేలా ఉండొద్దూ?"

"అంటే దీని నోరు తీసుకెళ్ళి దాని నోటికి, దీని చెవి దాని చెవికి కట్టారన్నమాట! ఇద్దరూ మాట్లాడేవాళ్ళే అయితే వినేదెవరు? అచ్చం మీ అక్కాచెల్లెళ్ళ ఫోనులా ఉంది!"

సరళరేఖగారు వేలితో గాలిలో రెండు గీతలు గీసి చూసుకున్నారు.

"అయితే ఎర్రది ఇక్కడ కుడికి రావాలి."

"రానివ్వండి."

"కింద ఎడమ, ఇక్కడ కుడి. చూసేవాళ్ళు ఏమనుకుంటారే?"

"పెట్టె వీపు ఎవరు చూస్తారండీ?"

"నేను చూస్తాను."

"గోడకి ఆనించేస్తాం లెండి. మీరు కళ్ళు మూసుకుని పెట్టండి, నేను చెయ్యి పట్టుకుంటాను."

పోగులు అటుదిటూ ఇటుదటూ మారాయి. పచ్చదీపం వెలిగింది. తెర భళ్ళున తెల్లవారింది. వదినగారు మౌసు కదిపితే బాణం గుర్తు తెరంతా గంతులేసింది. ముప్పైయెనిమిది మెట్ల కింద చీకట్లో కూర్చున్న యంత్రం ఆవిడ చిటికెనవేలు మాట కూడా వింటోంది. ఆవిడ "ఓయ్" అని టైపు చేశారు. "ఓయ్" అని తెరమీద పడింది. ఇద్దరూ మరో నాలుగు ఓయ్‌లు కొట్టుకున్నారు.

పెడలు మాత్రం ఉలకలేదు, పలకలేదు. టైము పదకొండున్నర. సరళరేఖగారు పెట్టె వెనక్కి వంగి చూసి నాలుక కరుచుకున్నారు. కీబోర్డు బొమ్మ, మౌసు బొమ్మ ఉన్న రంధ్రాలు ఆ రెంటినే ఒప్పుకుంటాయి. ఇతర పరికరాలకు పక్కన వేరే వరస ఉంది. కీబోర్డు తీగ నలుపు, పెడలు తీగ నలుపు, మౌసుది తెలుపు. నలుపులు రెండూ పక్కపక్కన ఉంటే అందంగా ఉంటుందని ఆయన పెడలును మౌసు చోట్లో కూర్చోబెట్టి, మౌసును పక్క వరసలోకి నెట్టారు.

"మార్చండి," అన్నారు వదినగారు.

"నలుపు, తెలుపు, మళ్ళీ నలుపు..."

"మార్చండి!"

మార్చారు. పెడలు లేచి కూర్చుంది. తలుపు వేశాక గదిలో ఎంత నిశ్శబ్దం అలముకుందంటే, వదినగారు పేజీ తిప్పడానికి కూడా మొహమాటపడ్డారు. నమూనా చదివి, పన్నెండుకు పది నిమిషాలుందనగా దంపతులిద్దరూ చెవులాయన గదిలో నిలబడ్డారు. ఆయన హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్ళు మూసుకున్నాడు. తీర్పు చెప్పబోయే న్యాయమూర్తి కూడా అంత గంభీరంగా ఉండడు.

"మోత లేదు," అన్నాడు.

"అమ్మయ్య!"

"ఆగండి వదినగారూ. రెండో నిమిషంలో ఎవరో గుటక వేశారు."

ఇద్దరూ సరళరేఖగారి వైపు తిరిగారు.

"మెట్లెక్కీ దిగీ గొంతు ఎండిపోయింది," అన్నారాయన నేల చూస్తూ.

"ఫ్యానంటే పుస్తకమంతా మోగుతుంది కాబట్టి తిప్పిపంపాను. ఈ శబ్దాన్ని గది బయట కూర్చోబెడితే సరిపోతుంది," అని చెవులాయన కాగితం మీద 'స్వీకరించడమైనది, గుటక మినహా' అని రాసి సంతకం పెట్టాడు.

వదినగారు ఆ కాగితాన్ని గుండెకు హత్తుకుని, ఆఫీసు నడవ అని కూడా చూడకుండా భర్త చెయ్యి పట్టుకుని పరుగెత్తారు. ఆయన్ను బయట స్టూలు మీద కూర్చోబెట్టి, లోపల తలుపేసుకున్నారు. తలుపు మందం, ఒక్కముక్కా బయటికి వినిపించదు. అయినా సరళరేఖగారు నవ్వు ఆపుకుంటూ, దగ్గు ఆపుకుంటూ రెండు గంటలు బొమ్మలా కూర్చున్నారు.

ఆవిడ బయటికి వచ్చేసరికి మొహం వెలిగిపోతోంది.

"తుఫాను దాకా వచ్చేశాను!"

"పడవ మునిగిందా?" అన్నారాయన ఆదుర్దాగా లేచి నిలబడి.

"మునిగితే ఇంకా మూడువందల ఎనభై పేజీలు ఎవరు రాశారండీ? పదండి, ఆకలేస్తోంది."