రెండో నెంబరు

బి.ఏ. ఫలితాలు వచ్చిన ఆ వేసవిలో నాకు తలపొగరు కాస్త ఎక్కువగానే ఉండేది. కళింగపట్నానికి మూడు మైళ్ల ఇవతల మా ఊరు. ఊరు మొత్తానికి ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎరువు బస్తా మీద రాత, దగ్గు మందు సీసా మీద రాత, పట్నం నుంచి వచ్చిన నోటీసు, అన్నీ నా దగ్గరికే తెచ్చేవారు. చదివి చెప్పేముందు కాసేపు కనుబొమలు ముడిచి గంభీరంగా చూసేవాణ్ణి. మరీ తేలిగ్గా చదివేస్తే నా చదువుకి విలువుండదని నా ఉద్దేశం. ఎం.ఏ. ఇంగ్లీషులో సీటు కోసం వాల్తేరు యూనివర్సిటీకి దరఖాస్తు పంపినప్పుడు, రాదేమో అన్న అనుమానం నాకు వీసమెత్తు లేదు.

పది రోజులకి కవరు వచ్చింది. ఇంటిల్లిపాదీ అరుగు మీద చేరారు. అలవాటుకొద్దీ కనుబొమలు ముడిచాను గానీ, ఈసారి అవి తిరిగి విడలేదు. సీటు లేదట. వెయిటింగ్ లిస్టులో నాది రెండో నెంబరట.

"అయితే వొచ్చినట్టా, రానట్టా?" అంది నాన్నమ్మ.

నేను కాగితం మళ్లీ మొదటి నుంచి చదివాను. నాన్నే అందుకుని, మన పొలానికి నీళ్ల వంతు లాంటిదని సర్దిచెప్పాడు. సీట్లు వచ్చినవాళ్లలో ఎవరైనా మానేస్తే ఆ సీటు ముందు ఒకటో నెంబరుకి. వాళ్లు వద్దంటేనో, ఇంకో సీటు ఖాళీ అయితేనో రెండో నెంబరుకి. నాన్నమ్మకి వెంటనే అర్థమైపోయింది. ఎగువ పొలం వాళ్లెవరో కనుక్కోమంది. నాన్న మాత్రం ఒక గడువు పెట్టాడు. క్లాసులు మొదలయ్యేలోగా సీటు వస్తే సరేసరి, లేకపోతే సాలూరులో మావయ్య నడిపే లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తాగా కూర్చోవాలి. మావయ్య అంటే అమ్మ తమ్ముడు. నాకోసం బల్ల కూడా చూసి ఉంచాడట. లారీల మీద నాకేమీ పగ లేదు. కానీ వాటికెక్కే చింతపండు బస్తాలు లెక్కపెట్టుకుంటూ బతకడం తల్చుకుంటే అన్నం సయించేది కాదు. ఎవరికీ చెప్పుకోలేదు గానీ, నాకు ఆ చదువు నిజంగా కావాలి.

ఇక ఎదురుచూపులు మొదలయ్యాయి. పోస్టుమాన్ సైకిలు కనిపించగానే బడి అరుగు మీంచి లేచి ఎదురెళ్లేవాణ్ణి. నాలుగు రోజులు ఓపిక పట్టి, అయిదోనాటి నుంచి అతను మా వీధి తప్పించి గోగుచేల గట్ల మీదుగా తిరగడం మొదలుపెట్టాడు. ఊరి జనానిదీ అదే వరస. కనిపించిన ప్రతివాడూ "సీటొచ్చిందేటి?" అనేవాడు. వాళ్ల బారి పడకుండా నేనూ పొలం గట్లే పట్టాను. అక్కడ గేదెలు కాసే ముసలాయన అడిగాడు. ఆయన్ని తప్పించుకుని ఏటి ఒడ్డుకి వెళితే, చేపలు ఎండబెట్టుకుంటున్న ఆడవాళ్లు అడిగారు. ఆఖరికి గడ్డం చేయించుకోవడం మానేశాను. కత్తి మెడ మీద ఉండగా ఆ ప్రశ్న వేస్తే తప్పించుకునే దారి ఉండదు కదా.

ఉండబట్టలేక ఒకనాడు రైలెక్కి వాల్తేరు వెళ్లాను. కౌంటరు వెనక గుమాస్తా మంచివాడే. ఏటా ఒక సీటు ఖాళీ అవుతుందని, రెండు ఖాళీ కావడం మాత్రం తన సర్వీసులో చూడలేదని చెప్పాడు. నోటీసు బోర్డు మీద ఒకటో నెంబరుకి ఎదురుగా ఒక అమ్మాయి పేరు, తండ్రి పేరు, విజయనగరం అని ఊరు ఉన్నాయి. కాగితం తీసుకెళ్లడం మర్చిపోయాను. అరచేతిలో రాసుకుని, పిడికిలి బిగించుకుని, పరాయి ఊరి రహస్యమేదో మోసుకొస్తున్నట్టు రైల్లో కూర్చున్నాను. ఇంటికి చేరేసరికి చెమటకి అమ్మాయి పేరు చెరిగిపోయి ఇంటిపేరు మాత్రం మిగిలింది.

మావయ్యకి అది చాలు. ఆ వారమే సాలూరు నుంచి వచ్చి ఉన్నాడు. నా అరచెయ్యి వెలుతురులో పెట్టి, జాతకం చూసినట్టు చూశాడు. వాళ్లు మనవాళ్లేనట, తండ్రికి విజయనగరంలో ఇత్తడి సామాన్ల కొట్టు ఉందట.

"ఆడపిల్లే కదరా అల్లుడూ. ఆషాడం వొచ్చీలోగా పెళ్లి కుదిర్చేస్తే సీటు నీదే" అన్నాడు.

పరిహాసమనుకున్నాను. మావయ్య పరిహాసాలాడే మనిషి కాదని నాకు తెలిసి ఉండాల్సింది. వారం తిరక్కుండా బొబ్బిలి దగ్గర రైసుమిల్లు వాళ్ల అబ్బాయిని పట్టుకొచ్చాడు. స్కూల్ ఫైనలు మూడుసార్లు రాసి, మూడుసార్లూ ఒకే లెక్కల పేపర్లో పోయిన నిలకడ గల మనిషి. నాన్నమ్మ ఒక్కతే అడ్డు చెప్పింది, మన సీటు కోసం పరాయి పిల్లని గోతిలో తోసేస్తారేటని. మావయ్య వేళ్లు మడిచి చెప్పాడు: మిల్లుంది, లారీలున్నాయి, కుర్రాడికి తమలపాకు తప్ప ఇంకో అలవాటు లేదు. నాన్నమ్మ సరేనంది. ఇక నా సంగతంటారా, సిగ్గుపడ్డానని రాస్తే అబద్ధమవుతుంది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

పెళ్లిచూపులకి నన్నూ రమ్మన్నారు. ఎందుకంటే పెళ్లికూతురు బి.ఏ. మామూలుగా అయితే మగపెళ్లివారు పిల్లని పాట పాడమంటారు, ముగ్గు వేయమంటారు. బి.ఏ. చదివిన పిల్లని పాట పాడమంటే, మనకి ఇంకేమీ అడగడం చేతకాదనుకుంటారని పెళ్లికొడుకు తల్లికి బెంగ పట్టుకుంది. ఇంగ్లీషులో అడిగేవాడు ఒకడు కావాలి. మావయ్య నన్ను చూపించాడు. నా సీటు కోసం నేనే పరీక్ష పెట్టబోతున్నానని తల్చుకుని లోలోపల ఎంతో మురిసిపోయాను.

మావయ్య లారీలోనే వెళ్లాం. ఆడవాళ్లు ముందు డ్రైవరు పక్కన, మేం వెనకాల. అంతకుముందే అది చింతపండు దింపి వచ్చింది. విజయనగరంలో దిగేసరికి పెళ్లికొడుకు తెల్ల ప్యాంటు వెనకాల రెండు గోధుమరంగు గుండ్రటి మరకలు పడ్డాయి. అతను ఇంట్లోకి గోడవారగా నడుచుకుంటూ వెళ్లి, కూర్చున్నాక మళ్లీ లేవలేదు.

బజ్జీలు తిన్నాం, కాఫీ తాగాం. అమ్మాయి వచ్చి చాప మీద కూర్చుంది. తల దించుకునే ఉంది గానీ, ఆ దించుకోవడంలో వినయం నాకేమీ కనపడలేదు. మావయ్య నా మోకాలు గిల్లాడు. గొంతు సవరించుకుని, మీరు చదివిన నాటకాల్లో ఏ పాత్ర మీకు బాగా నచ్చిందని ఇంగ్లీషులో అడిగాను. మా వైపు వాళ్లు కుర్చీల్లో కొంచెం సర్దుకుని నన్ను గర్వంగా చూశారు.

ఆ పిల్ల తల ఎత్తలేదు. పద్యం అప్పజెప్పినట్టు ఒకే రాగంలో మొదలుపెట్టింది. మాటలు మాత్రం పద్యం కావు. ఆ గదిలో ఇంగ్లీషు వచ్చినవాళ్లం మేమిద్దరమే అని ఆమె గ్రహించేసింది.

అయ్యా, నాకు వాల్తేరులో వెయిటింగ్ లిస్టులో ఒకటో నెంబరు ఉంది, అంది ఇంగ్లీషులో. సంబంధం కంటే సీటు ముందొస్తే చదివిస్తానన్నారు మా నాన్నగారు, సంబంధం ముందొస్తే సంబంధమే. సీటు ఇవాళో రేపో వచ్చేలా ఉంది. మీ వాళ్లకి నేను నచ్చకుండా ఏదో ఒకటి చెప్పి తీసుకెళ్లిపోండి. నాకు పాత్రలన్నీ ఇష్టమే.

పెద్దలు తలలూపారు. వాళ్ల నాన్న అయితే ఉబ్బితబ్బిబ్బయిపోయాడు. రెండో నెంబరు నేనేనని చెప్పేద్దామని నోరు తెరిచాను. తెరిచినవాణ్ణి ఊరికే మూయలేక, ఇంకా ఏమైనా చెప్పాలా అని ఇంగ్లీషులోనే అడిగాను. ఆమె అదే రాగంలో, ఇంక ఏమీ లేదు, త్వరగా కానివ్వండి, అంది.

"ఏటంటందిరా?" అన్నాడు మావయ్య.

అప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. నాటకాల గురించి చాలా చక్కగా చెప్పిందని ఒక్క ముక్క అంటే చాలు. మర్నాడే తాంబూలాలు, నాకు సీటు. ఆ ముక్క నాలిక చివరి దాకా వచ్చింది కూడా. ఎరువు బస్తా మీద ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ణి నేను. ఆవేళ మొదటిసారి లేనిది చదివాను.

పెళ్లయ్యాక అత్తగారికి రోజూ పొద్దున్నే ఇంగ్లీషు పాఠం చెబుతుందట, అన్నాను. అత్తగారు పాఠం అప్పజెప్పేదాకా ఇంట్లో పొయ్యి ముట్టించదట. అది ఈ అమ్మాయి పట్టుదలట.

పెళ్లికొడుకు తల్లి చేతిలో సగం తిన్న బజ్జీ పళ్లెంలో పెట్టేసింది. ఈ వయసులో నాకు ఆ యాతన ఏటని, చీర చెంగు దులుపుకుని లేచింది. అప్పటిదాకా ఉలుకూ పలుకూ లేని పెళ్లికొడుకు మావయ్య చెవిలో మొట్టమొదటిసారి నోరు విప్పాడు. వాళ్లమ్మకి తెలుగొచ్చినందుకే ఇంట్లో ఎవరికీ శాంతి లేదట. ఇత్తడి కొట్టాయన కూతురి వైపు ఉరిమి చూశాడు. ఆమె ఇంకాస్త వినయంగా తల దించుకుంది. ఈసారి భుజాలు కదులుతున్నాయి. అందరూ ఏడుస్తోందనుకున్నారు.

తిరుగు ప్రయాణంలో మావయ్య దారి పొడుగునా చదువుకున్న ఆడపిల్లల్ని తిట్టాడు. నేను ఖాళీ బస్తాల మీద కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను. చేసింది మంచి పనే అన్న తృప్తి వస్తుందేమోనని మా ఊరి దాకా చూశాను. రాలేదు. సీటు పోతోందన్న ఏడుపే వచ్చింది, దుమ్ము పడినట్టు కళ్లు తుడుచుకున్నాను.

అయినా ఆశ చావలేదు. ఆ గుమాస్తా సర్వీసులో మొదటిసారిగా రెండో సీటు ఖాళీ కాకూడదా అని, ఆఖరు తేదీన మళ్లీ వాల్తేరు వెళ్లాను. కౌంటరు దగ్గర ఫీజు రసీదు మడుచుకుంటూ ఆమె నిలబడి ఉంది. వాళ్ల నాన్న బయట ట్రంకుపెట్టె మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. నేను స్తంభం చాటుకి తప్పుకోబోయాను. ఈలోగా గుమాస్తా నన్ను గుర్తుపట్టి పెద్ద గొంతుతో పలకరించాడు. ఒకటో నెంబరు అమ్మాయి ఇప్పుడే చేరిందని, రెండో నెంబరుకి ఇంక లేనట్టేనని, అంత దూరం నుంచి వచ్చినందుకు బాధగా ఉందని చెప్పాడు.

ఆమె నన్ను చూసింది. తర్వాత వరండాలోకి వచ్చింది. ఇప్పుడు చుట్టూ పెద్దలెవరూ లేరు కాబట్టి తెలుగులోనే మాట్లాడింది.

"రెండో నెంబరు మీరేనా? ఆవేళ సెప్పలేదేటి?"

"సెప్తే మీరు అడిగుండరు కదా" అన్నాను, కొంచెం త్యాగమూర్తిలా కనపడాలని గొంతు తగ్గించి. ఆ మాటకి ఆమె కళ్లు చెమరుస్తాయని, కనీసం నమస్కారమైనా పెడుతుందని ఎదురుచూశాను. రైల్లో అంతసేపూ ఆ మాట ఎక్కడో వాడాలనే మనసులో దిద్దుకున్నాను మరి.

ఆమె నిజంగానే ఆలోచించింది. రసీదు ఇంకో మడత పెట్టి, గుప్పిట్లో బిగించుకుంది.

"లేదండీ. సెప్పినా అడిగేదాన్నే" అంది.

నాకు చాలా కోపం వచ్చింది. రైలు సింహాచలం దాటేదాకా ఉంది. ఆ తర్వాత, చింతపండు బస్తాల దగ్గరికి పోతున్నానని తెలిసి కూడా, ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఆ లిస్టు వేసినవాళ్లెవరో గానీ, నెంబర్లు సరిగ్గానే వేశారు.