పాస్‌పోర్టు ఎత్తుకెళ్లిన విలన్

మా బాపుకి సినిమాల్లో మనుషులు విలన్లయితే చిన్నచూపు. ఖతర్ నుంచి రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చినప్పుడల్లా మమ్మల్ని టీవీ ముందు కూర్చోబెట్టి, ఊళ్లు ముంచే సముద్రాలు, బస్సులు మింగే మొసళ్లు ఉన్న సినిమాలే పెట్టేవాడు. "మనిషి విలనైతే కాళ్లు మొక్కితే ఇడుస్తడు బిడ్డా. గా మొసలికేం మొక్కుతవ్?" అని ఆయన వాదన. కామెడీ సినిమాలో కుక్క ఎవరి పంచె లాగినా కడుపు పట్టుకుని నవ్వేవాడు. "గీ మొసళ్లను సూసుడుకేనా అంత దూరంకెళ్లి వచ్చింది?" అని గొణుక్కుంటూనే మా అమ్మ, అదే మా అవ్వ, ఆయన పక్కన కూర్చునేది. ఆ నెల రోజులూ మా ఇల్లు ఇల్లులా ఉండేది.

బాపు తిరిగి వెళ్లే ముందు పాస్‌పోర్టును కొండగట్టు అంజన్న దగ్గర పెట్టి పూజ చేయించడం మాకు ఆనవాయితీ. పోయినసారి విమానం రెండు రోజులుందనగా వెళ్లాం. దర్శనం బాగానే అయింది. బయటికొచ్చాక అవ్వ, బొట్టు పెట్టిన ఆ పాస్‌పోర్టును తీసుకెళ్లి కొబ్బరి చిప్పలున్న కవర్లోనే వేసింది. దేవుడి దగ్గరివన్నీ ఒక్కచోటే ఉండాలట! మెట్ల దగ్గర ఒక పెద్ద కోతి ఆ కవరు లాక్కుని రేకుల షెడ్డెక్కి కూర్చుంది.

ముందు కొబ్బరి తింది. తర్వాత పాస్‌పోర్టు తిరగేసి, ఫొటో ఉన్న పేజీ దగ్గర ఆగి, బాపు వంక చూసింది. ఒట్టు! నాకు నవ్వాగలేదు. బాపు మాత్రం రెండు చేతులూ జోడించాడు.

"నీ కాల్మొక్త స్వామీ, ఇచ్చెయ్! అది లేకపోతే నా నౌకరి పోతది!"

"మొసలికేం మొక్కుతవ్ అన్నవ్ కద బాపూ?" అన్నాను.

"నోర్ముయ్!"

కోతి అట్ట కొరకడం మొదలుపెట్టింది. పండు విసిరితే వదిలేస్తుందని కొబ్బరికాయలమ్మే ఆమె కేకేసింది. అరటిపళ్లు అవ్వ సంచిలో ఉన్నాయి. "జల్ది ఇయ్యవే!" అని బాపు మొత్తుకుంటుంటే అవ్వ ఆ సంచి ముడి విప్పడానికి ఎంతసేపు చేసిందో! ఆఖరికి నేనే సంచి లాక్కుని పండు విసిరాను. పాస్‌పోర్టు కింద పడింది. అట్ట మీద రెండు పంటి గాట్లు తప్ప లోపలంతా భేషుగ్గా ఉంది.

"బచాయించినం!" అని బాపు దాన్ని కళ్లకద్దుకున్నాడు. నేను చప్పట్లు కొట్టాను. అవ్వ మాత్రం పండు ఒలుచుకుంటున్న కోతినే చూస్తూ, "జరంత సింపకపోతివా స్వామీ" అంది.

బాపు అంత జనంలోనూ ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.