ఎర్రగుడ్డ కట్టిన డబ్బా

కథలో మనిషిని నిలబెట్టడం నాకు తెలుసని ఒక పొగరుండేది. పాత్ర పేరు పాఠకుడు వారం తిరక్కుండానే మరిచిపోతాడు. చేతిలో ఒక వస్తువు, ఒంటి మీద ఒక గుర్తు పెడితే చచ్చినా మరవడు. వారపత్రికలకు రాస్తూ నేను నేర్చిన విద్యల్లా ఇదే.

మా తమ్ముడు రాయచూరు పక్కన థర్మల్ కరెంటు ప్లాంటులో బూడిద ఎత్తే పనికి పోయేవాడు. ఒకనాడు డ్యూటీ దిగి ఇంటికి రాలేదు. గేటు దాటడం చూశామన్నారు, అంతే. పోలీసులు గుర్తులు అడిగితే అప్పటికి తోచింది చెప్పాను. చామనఛాయ, మధ్యరకం ఎత్తు. ఊళ్లో సగం మంది అంతే కదా! పక్కన అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

నెల గడిచినా జాడ లేదు. దిక్కుతోచక వాణ్ని కథలో పెట్టాను. మూతకు ఎర్రగుడ్డ బిగించిన టిఫిన్ డబ్బా, ముక్కు మీద అడ్డంగా తెల్లటి చార. రెండూ కల్పన కావు, రోజూ చూసినవే. ఎవరో ఒకరు చదివి, వీణ్ని ఎక్కడో చూశానే అనుకోకపోతారా అని ఆశ.

కథ అచ్చయ్యాక సింధనూరు నుంచి, కాలువ కింద సాగు చేసే ఒక తెలుగు రైతు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు.

"మీవాడు మా ఊరి రైసుమిల్లులో ఉన్నాడండీ. ఆ డబ్బా, ఆ చారా, అచ్చం మీరు రాసినట్టే. చూడగానే ఒళ్లు జలదరించిందనుకోండి."

అమ్మ వాకిట్లోనే ఆయన కాళ్లకు మొక్కింది. ఉన్నపళంగా బస్సెక్కాం.

మిల్లులో బస్తాల వెనక నుంచి డబ్బా పట్టుకుని వచ్చినవాడు మావాడు కాదు. అమ్మ అక్కడే కూలబడింది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఈ డబ్బా నీకెక్కడిదిరా?" అని గద్దించాను.

"నాదే అక్కా," అన్నాడు బెదిరిపోయి. "మొన్నటిదాంక నేను గూడ థర్మల్ల బూడిద పనే చేస్తుంటి. అన్నంల బూడిద పడ్తదని అందరం గిట్లనే గుడ్డ కడ్తం. మిషన్లు తుడ్వనీకి ఆడ ఇచ్చే ఎర్రగుడ్డనే. ముక్కుకు గూడ కట్టుకుంటం, గీ గీత అందరికి పడ్తది."

మా ఇంటికి అలాంటి డబ్బా ఒక్కటే వచ్చేది. అందుకని అది వాడి గుర్తే అనుకున్నాను. వేలమందిలో వాణ్ని పట్టిస్తుందని రాసింది వాణ్ని ఆ వేలమందిలోనే కలిపేసింది. నా విద్య మీద నాకే అసహ్యం వేసింది.

తిరుగు బస్సులో అమ్మను ఎలా ఓదార్చాలా అని సతమతమవుతుంటే తనే నోరు విప్పింది. "అందరికి ఉంటదంటుండు గద బిడ్డా. గా అందరిల మనోడు ఉండడా ఏంది? రేపు గేటుకాడికి పోదాం."

మర్నాడు థర్మల్ గేటు దగ్గర నిలబడ్డాం, షిఫ్టు వదిలారు. ఎర్రగుడ్డల డబ్బాలు గుంపులు గుంపులుగా బయటికి వచ్చాయి. అమ్మ ప్రతి డబ్బాకూ ఎదురెళ్లి, తలెత్తి ముఖం చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చింది.