కడిగిన పలకల మీదికి నేను పిలిచిన కొంగలు

నీళ్ల మీద తేలే సోలార్ పలకలను ఎలా కడుగుతారో చూసి, అటు నుంచి భద్రాచలం వెళ్దామని బయల్దేరాను. ఆదివారం పొద్దున ఐదింటికి ఖమ్మంలో బస్సెక్కితే ఏడుకల్లా జూలూరుపాడు. అక్కడి నుంచి అడవి అంచున ఉన్న చెరువుకు ఆటో కిరాయి నూట యాభై.

తేలే బాట మీద అక్కడ పనిచేసే సమ్మక్క పొడవాటి కుంచెతో తన వంతు పలకల వరుస కడుగుతోంది. నన్ను చూడగానే, "చూడు గనీ సార్, తినేటియి ఏం ఎయ్యకు" అంది. ఎనిమిదిన్నరకు పని ముగించి, గట్టున చీర మార్చుకోవడానికి వెళ్లింది. పదింటి బస్సుకు భద్రాచలం పోవాలట. కూతురు అక్కడి హాస్టల్లో ఉంది, నెలకు ఒక్క ఆదివారమే కలవనిస్తారు.

నాకేమో ఫొటో పిచ్చి. ఆమె వద్దన్నది గుర్తుండి కూడా, సంచిలోని మరమరాలు గుప్పెడు నీళ్లలో చల్లాను. చేపలు పైకొచ్చాయి, వాటి కోసం కొంగలు దిగాయి. అబ్బ, ఎంత మంచి ఫొటోలో! కెమెరా దించి చూస్తే కడిగిన వరుసంతా రెట్టలే.

సమ్మక్క పరుగున వచ్చింది. "గిదేంది సార్!"

"అక్కా, ఇప్పుడే కడిగేద్దాం, నేనూ ఓ కుంచె పడతా."

"ఎండెక్కింది, అద్దం కాలుతున్నది. గిప్పుడు సల్లనీళ్లు పోస్తే పగుల్తది. పొద్దు వాలినంకనే కడగాలె."

భద్రాచలం పోతే ఆ వేళకు తిరిగి రాలేదు, అంటే బస్సు పోయినట్టే. తప్పైపోయిందక్కా అన్నాను. "తెల్వక జేసినవ్ తియ్" అంది. తెలిసే చేశానని చెప్పడానికి నోరు రాలేదు. సకినాల డబ్బా నా చేతిలో పెట్టి, "నువ్వు గాడికే పోతున్నవ్ గదా, జర మా పిల్లకియ్యి" అంది.

మధ్యాహ్నం రెండింటికి హాస్టల్ గేటు దగ్గరికి ఆ పిల్ల ఉరికి వచ్చింది. డబ్బా గుర్తుపట్టి నా వెనక్కి తొంగి చూసింది. "అమ్మ ఏది?"

"పని పడ్డదమ్మా" అన్నాను. ఆ పని పెట్టింది నేనేనని అక్కడా చెప్పలేదు. ఛీ, ఎంత పిరికితనం.

ఫొటోలు బాగానే వచ్చాయి, ఇక్కడ పెట్టబుద్ధి కాలేదు. తల్లికీ పిల్లకీ ఒకే రోజు అబద్ధం ఆడినవాణ్ని. మీరు వెళ్తే ఏడులోపు చేరండి, తినేవి ఆటోలోనే వదిలేయండి. సమ్మక్క కనిపిస్తే, ఆ సార్ తెలిసే చేశాడని చెప్పండి.